డాబా మీద బార్‌బెల్ స్క్వాట్: 19 వారాల దిద్దుబాటు డైరీ

మల్కాజిగిరిలోని మా ఇంటి డాబా మీద, సగం వరకు వేసిన రేకుల కింద, వెల్డింగ్ షాపులో చేయించిన ఒక ర్యాక్ (బార్‌ను ఆనించే ఇనుప చట్రం), ఆరడుగుల బార్, నాలుగు పది కిలోల ప్లేట్లు, కొన్ని చిన్న ప్లేట్లతో రెండేళ్లుగా స్క్వాట్ (బార్‌ను వీపు మీద మోస్తూ గుంజీలా కూర్చుని లేవడం) చేస్తున్నాను. బరువు పెంచిన ప్రతిసారీ భంగిమ చెడిపోతూ ఉండటంతో, ఇక బరువు సంగతి పక్కన పెట్టి భంగిమ ఒక్కదాన్నే సరిచేద్దామని ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఈ లెక్కలు రాస్తున్నాను. వయసు 38, ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు; పగలంతా కుర్చీలో కూర్చుని పద్దులు చూసే ఉద్యోగం. పక్కన నిలబడి చెప్పే శిక్షకుడు లేడు కాబట్టి ఫోను, టేపు, రసమట్టం, కాటా ఇవే నాకు శిక్షకులయ్యాయి.

సోమ, బుధ, శనివారాల్లో చేస్తాను. కింద ప్రతి దశ చివర ఆ నాటికి అయిన రోజులు, ఖర్చు కలిపి రాశాను. ర్యాక్, బార్, ప్లేట్లు పాతవే కనుక వాటి ధర ఈ లెక్కలో లేదు.

మొదటి దశ: ఉన్నది ఉన్నట్టు కొలవడం (1–2 వారాలు)

మొదటి తప్పు కొలతలోనే జరిగింది. ఫోనును తులసి కోట మొదట్లో, దాదాపు నేల మీద, నాకు ముందువైపు మూలగా ఆనించి వీడియో తీశాను. అందులో నా తుంటి మోకాలి కంటే చక్కగా కిందికి దిగినట్టు కనిపించింది. రెండో రోజు ఫోనును స్టూలు మీద పెట్టి సరిగ్గా పక్క నుంచి తీస్తే, అదే బరువుతో తుంటి మోకాలి కంటే 3 సెం.మీ. పైనే ఆగిపోతోంది. కారణం సులభమే. కెమెరా నేల మీద ఉండి పైకి చూస్తున్నప్పుడు దానికి దగ్గరగా ఉన్న వస్తువు దూరంగా ఉన్నదాని కంటే ఎత్తుగా కనబడుతుంది. ముందు మూల నుంచి తీస్తే మోకాలు దగ్గర, తుంటి దూరం. కాబట్టి మోకాలు పైకి లేచినట్టు, తుంటి కిందికి దిగినట్టు చిత్రం అబద్ధం చెబుతుంది. రెండేళ్లుగా నేను ఆ అబద్ధాన్నే చూసుకుంటూ సంతోషించాను.

తర్వాత స్థిరపరచుకున్న పద్ధతి ఇది:

1. తుంటి మడత దగ్గర, మోకాలి పై అంచు దగ్గర తెల్ల టేపు ముక్కలు అంటించాలి.
2. ఫోను ఎత్తు, అడుగున కూర్చున్నప్పుడు తుంటి ఉండే ఎత్తుకు సమానంగా ఉండాలి. నాకది 47 సెం.మీ.
3. ఫోను పక్కకు సరిగ్గా లంబంగా, కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి.
4. అట్టడుగు చిత్రాన్ని ఆపి, బార్‌కు ఉన్న ప్లేటును కొలబద్దగా వాడాలి. నా పది కిలోల ప్లేటు వ్యాసం టేపుతో కొలిస్తే 29 సెం.మీ.; తెరమీద అది ఎంత ఉందో దాన్ని బట్టి మిగతావి లెక్కకట్టాలి.
5. వీపు వంపును (వీపు ఎంత ముందుకు వాలిందో) పిల్లల కాంపాస్ బాక్సులోని కోణమానిని తెరమీద పెట్టి కొలవాలి. నిట్టనిలువును సున్నాగా తీసుకున్నాను.
6. వెనక నుంచి వేరే వీడియో తీయాలి. ర్యాక్ పై కమ్మీ మధ్య నుంచి దారానికి గుండు వేలాడదీసి, నడుము వెనక మధ్యలో అంటించిన టేపు ఆ దారం నుంచి ఎంత పక్కకు జరిగిందో చూడాలి.

పవర్‌లిఫ్టింగ్ పోటీల నియమం ప్రకారం తుంటి కీలు దగ్గర తొడ పై భాగం మోకాలి పై భాగం కంటే కిందికి దిగితేనే ఆ స్క్వాట్ చెల్లుతుంది. నేను పోటీలకు వెళ్లేవాణ్ని కాకపోయినా గీత అంటూ ఒకటి ఉండాలి గనుక దాన్నే పెట్టుకున్నాను.

50 కిలోలతో, 5 సార్లు చొప్పున 3 సెట్లు (విడతలు) చేసి, 15 రెప్స్ (ఒక్కో రెప్ అంటే ఒకసారి కూర్చుని లేవడం) సగటు తీస్తే నాలుగు లోపాలు తేలాయి. లోతు 3 సెం.మీ. తక్కువ. కుడి మడమ అడుగున దాదాపు సెంటీమీటరు లేస్తోంది. అడుగున 44 డిగ్రీలు ఉన్న వీపు వంపు, లేవడం మొదలుపెట్టగానే 58కి పోతోంది. అంటే పిరుదులు ముందు లేచి, బార్ వెనకబడి, మిగతా పనంతా నడుము చేస్తోంది. నాలుగోది, నడుము కుడివైపుకు 4 సెం.మీ. జరుగుతోంది.

ఇప్పటి వరకు: 6 రోజులు. ఖర్చు రూ. 540 (ఫోను స్టాండు, టేపులు, మార్కర్).

రెండో దశ: మోకాళ్ల ముందు పలక (3–5 వారాలు)

ఈ మూడు వారాలూ వృథా. అయినా ఇదే తప్పు చాలామంది చేస్తారు కనుక రాస్తున్నాను.

మోకాళ్లు బొటనవేళ్లను దాటకూడదని, దాటితే అరిగిపోతాయని ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన గట్టిగా చెప్పాడు. చిన్నప్పటి నుంచీ అందరి నోటా విన్న మాటే కావడంతో నమ్మాను. పాత మంచం పలకను పాదాల ముందు నిలబెట్టి, మోకాళ్లు దానికి తగలకుండా స్క్వాట్ చేయడం మొదలుపెట్టాను. మోకాళ్లు ఆగాయి. కానీ బరువు పాదం మధ్య మీద నిలవాలంటే, మోకాలు ముందుకు పోకపోతే తుంటి వెనక్కు పోవాలి; తుంటి వెనక్కు పోతే ఛాతీ ముందుకు వాలాలి. రెండో వారం చివరికి అడుగున వీపు వంపు 44 నుంచి 57 డిగ్రీలకు పెరిగింది. లోతు అలాగే ఉంది. ఆదివారం పొద్దున్నే బకెట్ ఎత్తడానికి వంగితే నడుము పట్టేసినట్టు ఉండేది.

ఈ విషయం మీద 2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే పరిశోధకులు ప్రచురించిన కొలతలు ఉన్నాయి. ఏడుగురితో వాళ్ల శరీర బరువంత బార్ మోయించి, మోకాళ్ల ముందు చెక్క అడ్డు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి స్క్వాట్ చేయించి, కీళ్ల మీద పడే టార్క్ (కీలును తిప్పే బలం) లెక్కగట్టారు. అడ్డు లేనప్పుడు మోకాలి దగ్గర సుమారు 150 న్యూటన్ మీటర్లు, తుంటి దగ్గర 28. అడ్డు పెట్టినప్పుడు మోకాలి దగ్గర 117కి తగ్గింది గానీ తుంటి దగ్గర సుమారు 303కి పెరిగింది. మోకాలికి మిగిల్చింది కొంచెమే, దానికి బదులుగా తుంటి మోయాల్సింది పదింతలకు పైన, ఆ భారంలో నడుముకూ వాటా ఉంటుంది. నా ఆదివారపు నడుము పట్టుకు ఇంతకంటే వేరే వివరణ అక్కర్లేకపోయింది. పలక మళ్లీ మంచం కిందికి చేరింది.

ఇదే దశలో ఇంకో పని కూడా మొదలుపెట్టాను, దాని ఫలితం ఐదో దశలో తెలుస్తుంది. నడుము కుడికి జరుగుతోందంటే ఎడమ కాలు బలహీనంగా ఉందని నిర్ధారించుకుని, ప్రతి రోజూ చివర్లో ఎడమ కాలితో మాత్రమే స్టూలు ఎక్కి దిగడం, 10 సార్లు చొప్పున రెండు సెట్లు.

ఇప్పటి వరకు: 14 రోజులు (ఒకటి తప్పింది). ఖర్చు రూ. 540.

మూడో దశ: చీలమండలు, మడమ కింద చెక్క (6–8 వారాలు)

మా నాన్నకు 70 దాటాయి. పొద్దున్నే డాబా మీద గొంతుక్కూర్చుని, మడమలు నేలకు ఆనించి, పావుగంట సేపు గోంగూర ఆకు కోస్తూ పేపరు చదువుతారు. ఆయన పక్కన నేనూ అలాగే కూర్చోబోతే వెనక్కు పడ్డాను. "చిన్నప్పుడు బడిలో గుంజీలు తీసినోడివే కదరా, ఆ ఇంగ్లీషు కమోడ్ పెట్టించినప్పటి నుంచి మోకాళ్లకు సెలవిచ్చావు" అన్నారు. కొలిచి చూస్తే సెలవు మోకాళ్లకు కాదు, చీలమండలకు.

కొలిచే పద్ధతి:

1. చెప్పులు, సాక్సులు లేకుండా గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకు ఆనించాలి.
2. మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకితే పాదాన్ని సెంటీమీటరు వెనక్కు జరపాలి.
3. మడమ లేవకుండా మోకాలు తాకే ఆఖరి స్థానంలో గోడ నుంచి బొటనవేలికి ఉన్న దూరమే కొలత.

నాకు ఎడమ 11 సెం.మీ., కుడి 7. పన్నెండేళ్ల కిందట స్కూటర్ మీద నుంచి పడి కుడి చీలమండ బెణికింది. నొప్పి ఎప్పుడో పోయింది కానీ బిగుతు మిగిలిందన్నమాట. మోకాలు ముందుకు పోలేనప్పుడు మడమ లేస్తుంది, మడమ లేవకూడదనుకుంటే ఛాతీ వాలుతుంది. మొదటి మూడు లోపాలకూ ఈ ఒక్కచోటే వేరు ఉందని అప్పుడర్థమైంది.

చీలమండ సాగదీయడం రోజూ చేశాను, ఒక్కో వైపు రెండేసి నిమిషాలు. మూడు వారాలకు కుడి 7 నుంచి 8కి వచ్చింది. ఆ వేగంతో పోతే ఎడమకు సమానం కావడానికి ఇంకో తొమ్మిది వారాలు పడుతుంది కాబట్టి ఈలోపు మడమ ఎత్తు పెంచుకోవాలి. వెయిట్‌లిఫ్టింగ్ బూట్లకు మడమ దగ్గర సుమారు 2 సెం.మీ. ఎత్తు ఉండేది ఇందుకే.

ముందుగా రెండు చిన్న ప్లేట్లు మడమల కింద పెట్టాను. అది చేయవద్దు. తాండూరు బండ మీద ఇనుము జారుతుంది. మూడో సెట్‌లో ఎడమ ప్లేటు వేలెడంత పక్కకు జరిగింది. బార్ ఇంకా ర్యాక్ కొక్కేల్లోనే ఉండటం వల్ల బతికిపోయాను. మర్నాడు మా వీధి చివరి వడ్రంగితో ప్లైవుడ్ ముక్కలను ఏటవాలుగా కోయించాను: పొడవు 60 సెం.మీ., వెడల్పు 15, వెనక అంచు ఎత్తు 20 మి.మీ., ముందు అంచు దాదాపు సున్నా. కింద జారకుండా పాత సైకిల్ ట్యూబు అంటించాను. రెండు పాదాలకూ ఒకే చెక్క, ఒకే ఎత్తు. కుడి చీలమండ బిగుతుగా ఉంది కదా అని కుడివైపు మాత్రమే ఎత్తు పెంచితే తుంటి రెండు ఎత్తులకు చేరుతుంది.

మెత్తటి అడుగున్న పరుగు బూట్లు కూడా అప్పుడే మానేశాను. బరువు పడగానే ఆ అడుగు స్పాంజిలా ఒక పక్కకు నలుగుతుంది. ఇప్పుడు బడి పిల్లలు వేసుకునే పలచటి కాన్వాస్ బూట్లే.

చెక్క పెట్టిన మొదటి రోజే లోతు గీతకు 1 సెం.మీ. కిందికి దిగింది. మడమ లేవడం ఆగింది. అడుగున వీపు వంపు 38 డిగ్రీలు. కుడికి జరగడం మాత్రం 4 సెం.మీ. దగ్గర కదలకుండా ఉంది.

ఇప్పటి వరకు: 23 రోజులు. ఖర్చు రూ. 1,010.

నాలుగో దశ: పడ్డ రోజు (9వ వారం)

లోతు వచ్చిందన్న ఉత్సాహంలో బరువు 55కి పెంచాను. రెండో సెట్ నాలుగో రెప్‌లో అడుగున ఇరుక్కుపోయాను. ర్యాక్‌కు రెండు వైపులా అడ్డంగా ఉండే రక్షణ కమ్మీలు, అట్టడుగున బార్ ఉండే ఎత్తు కంటే 9 సెం.మీ. కిందున్నాయి. ఇంకా తొమ్మిది సెంటీమీటర్లు కూర్చుంటే బార్ కమ్మీల మీద ఆనుతుందని బుర్రకు తెలుసు. కాళ్లకు ఆ తొమ్మిది సెంటీమీటర్లు మిగలలేదు. ముందుకు వాలాను, బార్ వీపు మీద నుంచి మెడ వైపు దొర్లింది, మోకాళ్ల మీద పడ్డాను, అప్పుడు బార్ కమ్మీలకు తగిలి ఆగింది. మెడ వెనక చర్మం లేచిపోయింది. నాలుగు రోజులు తల తిప్పలేకపోయాను.

కింది వాటాలో ఉండే పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, "ఏమైంది బాబూ, సిలిండరేమన్న పడ్డదా?" అని అడిగింది. "లేదు పెద్దమ్మా, ఇనుప రాడ్డు" అన్నాను. "రాడ్డు పడితే రాడ్డు సప్పుడు రావాలె, మనిషి సప్పుడు వచ్చింది" అని కాసేపు నన్ను చూసి దిగిపోయింది.

కమ్మీలు అంత కిందికి ఎందుకున్నాయంటే, నా ర్యాక్ రంధ్రాల మధ్య దూరం 10 సెం.మీ.; పై రంధ్రంలో పెడితే ప్రతి రెప్‌కూ బార్ తగులుతుంది. లోతు మారినా, మడమ కింద చెక్క చేరినా కమ్మీల ఎత్తు మళ్లీ కొలవాలన్న ఆలోచనే రాలేదు. సరిచేసిన పద్ధతి:

1. ఖాళీ బార్‌తో, మామూలు బూట్లు, చెక్కతో అట్టడుగుకు దిగి ఆగితే, ఇంట్లో ఇంకొకరు నేల నుంచి బార్ వరకు కొలవాలి. నాది 88 సెం.మీ.
2. కమ్మీలు దానికి 4 సెం.మీ. కింద ఉండాలి. వెల్డింగ్ షాపులో 84 దగ్గర కొత్త రంధ్రాలు వేయించాను. గ్యాస్ కట్టర్‌తో కాల్చకుండా డ్రిల్లుతోనే వేయమని పట్టుబట్టాలి. కాల్చిన రంధ్రం గరుకుగా, వదులుగా ఉండి కమ్మీ ఊగుతుంది.
3. ఖాళీ బార్‌తో కావాలనే మూడుసార్లు "ఓడిపోయి", బార్‌ను కమ్మీల మీద దించి కింది నుంచి బయటకు రావడం సాధన చేయాలి. ఆ తర్వాతే ప్లేట్లు.

కుర్చీలు, బల్లలు రెండు వైపులా పెట్టి వాటినే రక్షణ అనుకునేవాళ్లను చూశాను. ప్లాస్టిక్ కుర్చీ యాభై కిలోల ఇనుము పడితే నిలవదు.

ఇప్పటి వరకు: 24 రోజులు. ఖర్చు రూ. 1,610.

ఐదో దశ: డాబా వాటం (10–13 వారాలు)

ఈ డైరీలో అసలు విషయం ఇదే, నేను వెతకకుండా దొరికింది కూడా ఇదే.

వానాకాలానికి ముందే డాబా నెర్రెలు పూడ్పిద్దామని ఏప్రిల్ మధ్యలో మేస్త్రీని పిలిచాం. ర్యాక్ పక్కకు జరపమని చెప్పి, ఆ చోట పట్టీ వేసి రసమట్టం పెట్టాడు. "సార్, మీరు నిలబడేటి జాగల గోలి పెడితే దానంతట అదే గా మూలకు దొర్లిపోతది. వాటం మొత్తం గా గొట్టం దిక్కే ఇచ్చిన్రు" అన్నాడు. వాన నీళ్ల గొట్టం నా కుడివైపు మూలన ఉంది. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎడమ కాలితో స్టూలు ఎక్కి దిగింది అప్పటికి 18 రోజులు, 360 సార్లు.

డాబాకు వాటం లేకపోతే నీళ్లు నిలుస్తాయి కాబట్టి తప్పు కట్టినవాళ్లది కాదు. ఆ వాటం మీద రెండేళ్లు నిలబడి, లోపమంతా నా ఒంట్లోనే ఉందనుకున్న తప్పు నాది.

కొలత ఇలా తీశాను:

1. 120 సెం.మీ. అల్యూమినియం పట్టీని, పాదాలు పెట్టే చోట ఎడమ నుంచి కుడికి పరిచి, దాని మీద రసమట్టం పెట్టాలి.
2. బుడగ మధ్యకు వచ్చే వరకు పల్లపు వైపు కొస కింద పలచటి ముక్కలు దూర్చాలి.
3. రసమట్టాన్ని కొస మార్చి తిప్పిపెట్టి మళ్లీ చూడాలి. రెండుసార్లూ బుడగ ఒకేచోట ఉంటేనే ఆ రసమట్టం నమ్మదగినది. నేను మొదట కొన్న చవకది రెండు రకాలుగా చెప్పింది. దుకాణంలోనే తిప్పి చూసి ఇంకొకటి తీసుకున్నాను.
4. దూర్చిన ముక్కల మందం కొలవాలి. నాది 14 మి.మీ.

120 సెంటీమీటర్లకు 14 మి.మీ. అంటే, 45 సెం.మీ. ఎడంగా పెట్టిన పాదాల మధ్య 5 మి.మీ. తేడా, 110 సెం.మీ. ఎడంలో ఉన్న ర్యాక్ నిలువు కమ్మీల మధ్య 13 మి.మీ. బార్ కొక్కేల్లోంచి తీసేటప్పుడే కుడికి ఒరిగి ఉంది, నేను పల్లానికి ఒరిగి ఉన్నాను.

అయితే ఒక కారణం దొరికిందని దాన్నే నమ్మేస్తే మళ్లీ మంచం పలక కథే అవుతుంది. అందుకే చెక్క వేదిక చేయించే ముందు ర్యాక్‌ను వెనక్కు తిప్పి, గొట్టం నా ఎడమవైపు వచ్చేలా నిలబడి, అదే బరువుతో 15 రెప్స్ తీశాను. తప్పంతా నేలదే అయితే నడుము ఇప్పుడు ఎడమకు జరగాలి; తప్పంతా నాదే అయితే కుడికి 4 సెం.మీ. అలాగే ఉండాలి. వచ్చింది కుడికి 1.5. అంటే నేలది కొంత, నాది కొంత. ఈ రెండింటి మధ్య లెక్క ప్రకారం చదునైన నేల మీద 2.75 రావాలి.

వేదిక: 18 మి.మీ. ప్లైవుడ్ 8×4 అడుగుల షీటు ఒకటి తెచ్చి, సగానికి కోయించి, రెండు ముక్కలను ఒకదానిమీద ఒకటి మరలతో బిగించాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రబ్బరు షీటు కొని పైన పరిచాను. పల్లపు అంచు కింద 14 మి.మీ. ముక్కలు పెట్టి పని అయిపోయిందనుకున్నాను. నిలబడి బార్ ఎత్తుకుంటే మధ్యలో పలక 3 మి.మీ. కుంగింది. మళ్లీ ఎత్తి, ప్రతి 30 సెం.మీ.కూ ఒక వరుస చొప్పున 4, 7, 11, 14 మి.మీ. మందాన ముక్కలు పేర్చాను. వడ్రంగి దగ్గర మిగిలిపోయిన లామినేట్ ముక్కలు ఒక్కోటి సుమారు 1 మి.మీ. ఉంటాయి, వీటికి అంతకు మించింది లేదు. నీళ్లు పోవడానికి వరుసల మధ్య ఖాళీ వదిలాను. కొక్కేలు రెండూ ఇప్పుడు ఒకే ఎత్తులో ఉన్నాయి.

చదును మీద 15 రెప్స్ సగటు: కుడికి 2.6 సెం.మీ.

ఇదే ఊపులో ఇనుమునూ అనుమానించాను. పాత పేపర్లు, ఇనుము కొనే దుకాణానికి బార్, ప్లేట్లు ఆటోలో తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. కొట్టు యజమాని అమ్మడానికే తెచ్చాననుకుని కిలో రేటు చెప్పాడు. 10 కిలోలన్న బార్ 8.6. పది కిలోల ప్లేట్లు వరుసగా 9.4, 9.7, 10.1, 10.3. బరువైన రెండూ ఎడమవైపు, తేలికైన రెండూ కుడివైపు వేస్తూ వచ్చాను కాబట్టి ఎడమవైపు 1.3 కిలోలు ఎక్కువ. నా 50 కిలోలు నిజానికి 48.1. ప్లేట్ల మీద తెల్ల రంగుతో అసలు బరువు రాసి, 10.3తో 9.4, 10.1తో 9.7 జత చేశాను. తేడా 100 గ్రాములకు తగ్గింది. ఈ మార్పు వల్ల నడుము జరగడంలో తేడా ఏమీ కనబడలేదు. కనబడుతుందని ఆశపడ్డాను, అందుకే రాస్తున్నాను.

మిగిలిన 2.6 కుడి చీలమండదే అయ్యుండాలి. కుడి మోకాలు ముందుకు పోలేక ఆ వైపు తుంటి వెనక్కి, పక్కకి తప్పుకుంటోంది. కుడి పాదం ముందుభాగాన్ని ఎడమదాని కంటే కొంచెం ఎక్కువగా బయటికి తిప్పి, చీలమండ సాగదీయడం కుడికి మాత్రం రెట్టింపు చేశాను.

ఇప్పటి వరకు: 35 రోజులు (గాలివాన వల్ల ఒకటి పోయింది). ఖర్చు రూ. 6,640, ఇందులో ప్లైవుడ్, కోత, ఆటో, రబ్బరు, రసమట్టం కలిపి రూ. 5,030.

ఆరో దశ: పిరుదులు ముందు లేవడం (14–19 వారాలు)

మే నెలలో మధ్యాహ్నం బార్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. పొద్దున 5.30కి మార్చాను.

అడుగున వంపు తగ్గినా, లేచేటప్పుడు వీపు ఇంకా 12 డిగ్రీలు ముందుకు పడుతోంది. బార్ దారి చూడాలంటే యాప్ అక్కర్లేదు. ఫోను తెరమీద పలచటి ప్లాస్టిక్ కవరు అంటించి, వీడియోను కొద్దికొద్దిగా జరుపుతూ బార్ కొస ఎక్కడుందో మార్కర్‌తో చుక్క పెట్టాను. పాదం మధ్య నుంచి పైకి నిలువు గీత గీసి చూస్తే, దిగేటప్పుడు చుక్కలు గీత మీదే ఉన్నాయి. లేవడం మొదలైన చోట గీతకు 6 సెం.మీ. ముందుకు, కొడవలిలా వంగాయి.

వరుసగా ప్రయత్నించినవి:

1. "ఛాతీ పైకెత్తు" అని మనసులో అనుకోవడం. నడుము విల్లులా వెనక్కు వంగింది, వంపులో మార్పు లేదు. నాలుగు రోజుల్లో మానేశాను.
2. బార్‌ను వీపు మీద ఇంకా కిందికి దించడం. మూడు రోజులకే మోచేతులు లాగాయి. పైగా ఆ పద్ధతిలో ఛాతీ మరింత వాలడం సహజం, నాకు కావాల్సింది దానికి వ్యతిరేకం. మళ్లీ పైకే తెచ్చాను, అయితే మెడ కింద పొడుచుకువచ్చే ఎముక మీద కాదు, దాని కింద భుజాలు వెనక్కి లాగితే ముడుచుకునే కండ మీద.
3. బరువు 40కి తగ్గించి, మూడు సెకన్లు దిగడం, అడుగున రెండు సెకన్లు ఆగడం, అప్పుడు లేవడం. పనిచేసింది ఇదే. అడుగున ఆగితే ఎగిరే ఊపు పోతుంది కాబట్టి తొడలు పని చేయక తప్పదు. రెండు వారాల్లో 12 డిగ్రీలు 6కి వచ్చింది.
4. ఊపిరి. ఇంతకుముందు ఛాతీ నిండా పీల్చి భుజాలు లేపేవాణ్ని. నడుముకు మామూలు తోలు బెల్టు వదులుగా పెట్టుకుని, పీల్చిన గాలితో పొట్ట ముందుకే కాకుండా పక్కలకూ వెనక్కూ బెల్టును ఒత్తేలా సాధన చేశాను. దిగే ముందు పీల్చి, బిగబట్టి, లేస్తూ సగం దాటాక వదలాలి. బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది; బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇది చేయకూడదు.

మధ్యలో ఒక రోజు బార్ వీపు మీద జారడం మొదలుపెట్టింది. రెండు సెట్ల పాటు నా భుజాలనే తిట్టుకున్నాను. జూన్ తొలివానలకు బార్ తుప్పు పడుతోందని అంతకు ముందు రాత్రి కుట్టు మిషన్ నూనె రాసింది నేనే. గరుకు గీతల్లో నూనె నిలిచి, చొక్కా మీద సబ్బులా జారుతోంది. పళ్లు తోమే పాత బ్రష్షు, సున్నిపిండితో రుద్ది తుడిచాక సరిపోయింది. నూనె ప్లేట్లు ఎక్కించే కొసలకే రాయాలి.

19వ వారం శనివారం, కాటా లెక్కన 57.8 కిలోలు, 5 సార్లు చొప్పున 3 సెట్లు. లోతు గీతకు 2.5 సెం.మీ. కింద. మడమలు కదల్లేదు. వీపు వంపు అడుగున 36, లేచేటప్పుడు 41. బార్ నిలువు గీత నుంచి 2 సెం.మీ. ముందుకు. నడుము కుడికి 1.2. గోడ కొలత ఎడమ 11.5, కుడి 9.5.

ఇప్పటి వరకు: 51 రోజులు (ఊరెళ్లి రెండు తప్పాయి). ఖర్చు రూ. 6,860.

అదే శనివారం సాయంత్రం వాన తర్వాత వేదిక మీద రసమట్టం పెట్టాను. బుడగ మధ్యలో లేదు. ఎడమ అంచున, రేకుల కప్పు అందని చోట, ప్లైవుడ్ నీళ్లు పీల్చి 2 మి.మీ. ఉబ్బింది. కుడివైపు రెండు లామినేట్ ముక్కలు అదనంగా దూర్చాను. కోసిన అంచులకు ప్రైమర్ పూసి, రేకును ఇంకో అడుగు ముందుకు దించే వరకు ప్రతి సోమవారం మొదటి సెట్‌కు ముందు బుడగ చూడటం పనుల జాబితాలో చేరింది.